పాఠశాల పరీక్షలు – ఫైలు రూపములు

కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి పదవ తరగతి సమాచార సాంకేతిక విద్యలో 100 మార్కులకు 50 ప్రయోగపరీక్షకును ప్రాజెక్టు పనికిని చెందును. పాఠ్యపుస్తకము లిబ్రేఆఫీసు నాధారముగా గొన్నది. అది వెల చెల్లింపకయే లభించును. ఐనను విద్యార్థి ఇంటనో, వీధిచివరి ఇంటర్నెట్ కేంద్రముననో ఉండునది తరచుగా మైక్రోసాఫ్ట్ వర్డ్. అచ్చట సిద్ధపరచిన ప్రాజెక్టును పాఠశాలలో తెరచినపుడు పట్టిక పుట దాటవచ్చును, బొమ్మ చోటు మారవచ్చును, మాక్రో పనిచేయకపోవచ్చును. దోషము విద్యార్థిది కాదు. మార్కులు మాత్రము విద్యార్థివే పోవును.

ఇందుకు పరిష్కారము సాఫ్ట్‌వేరు పేరు చెప్పుట కాదు, ఫైలు రూపమును నిర్ణయించుట. ఓపెన్ డాక్యుమెంట్ రూపము 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. వర్డ్ వాడుకొను రూపమునకు 2008లో అట్టి గుర్తింపే లభించినది; భారతదేశము దానికి వ్యతిరేకముగా ఓటు వేసినది. ప్రమాణమను ముద్ర పడినంతనే రెండు సాఫ్ట్‌వేర్లు ఒక ఫైలును ఒకే తీరున చూపునని తలపరాదు. అయినను వివరణ బహిరంగమైనచో లోప మెచ్చటనో కనుగొనుటకు వీలుండును. 2009 నుండి వర్డ్ సైతము ఓపెన్ డాక్యుమెంట్ ఫైలును తెరచి భద్రపరచగలదు గనుక ఈ నియమము ఎవరికిని క్రొత్త వ్యయము కాదు.

పి.డి.ఎఫ్. చాలునని కొంద రందురు. చూచుటకు చాలును, పరీక్షించుటకు చాలదు. విషయసూచిక స్టైళ్ల నుండి తనంతట పుట్టినదో, విద్యార్థి చుక్కలు పెట్టుచు చేత టైపు చేసినదో పి.డి.ఎఫ్.లో తెలియదు. గణన పత్రమున 4,250 అను మొత్తము సూత్రము వలన వచ్చినదో, పక్కవాని కాగితము చూచి వ్రాసినదో అందు తెలియదు. రెండును ఒకే అంకె. పరీక్షకు డడుగవలసినది ఆ గడిలోని సూత్రము. కావున సవరింపదగిన మూల ఫైలు తప్పనిసరి, పి.డి.ఎఫ్. దానికి తోడు మాత్రమే.

తెలుగున వ్రాయు ప్రాజెక్టులకు మరియొక చిక్కు కలదు. ముద్రణాలయములలో నేటికిని వాడుకలో నున్న యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షరపు రూపము క్రింద నిలిచియుండునది రోమను లిపి సంకేతము. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో పుట నిండ అర్థములేని ఆంగ్లాక్షరములు కానవచ్చును. తెలుగునకు యూనికోడున 1991 నుండి స్థానమున్నది. కనుక ఈ క్లేశమునకు నేడు కారణము అలవాటే. యూనికోడు పాటించినను చిక్కు పూర్తిగా తీరదు. గౌతమి ఫాంటులో పది పుటలైన వ్యాసము, లోహిత్ తెలుగులో మరొక కొలతకు రావచ్చును; ఒత్తులు గల లిపికి పంక్తి యెత్తు ఫాంటును బట్టి మారును. పుటల పరిమితి విధించు పరీక్షలో ఇది స్వల్ప విషయము కాదు. పుటలకు మారుగా పదముల సంఖ్య అడుగుట మేలు. మండలి వంటి స్వేచ్ఛానుమతి గల ఫాంటును ఫైలులోనే పొదుగుటయు సాధ్యమే.

కేరళ 2001లో ప్రారంభించిన ఐ.టి. ఎట్ స్కూల్ పథకము క్రమముగా పాఠశాలలన్నిటిని గ్నూ/లినక్సునకు మరల్చినది. అందరికిని ఒకటే సాఫ్ట్‌వేరైనచో ఫైళ్ల పొత్తు కుదురుట వింత కాదని యెవరైన అనవచ్చును. నిజమే, కాని ఆ సాఫ్ట్‌వేరును విద్యార్థి ధర్మముగా ఇంటికి గొనిపోవచ్చును, అదియే ముఖ్యము. తక్కిన మండలులు అంతవరకు పోనక్కరలేదు. స్వీకరింపదగిన రూపములను విద్యాసంవత్సరాదినే ప్రకటించి, గడువునకు వారము ముందు ప్రతి ఫైలును పాఠశాలలోని వేరొక యంత్రమున తెరచి చూడవలెనని ఉపాధ్యాయుని ఆదేశించినచో ఇప్పటికి సరిపోవును.