తయారు కావలసింది మా పిల్లలేనా?

ఏటా వానలు మొదలయ్యే ముందు మా గూడేలకు రెండు మాటలు వస్తాయి. మొదటిది విత్తనాల దుకాణదారు మాట. రెండోది చదువుకున్న పెద్దల మాట. "అగ్రికల్చర్ డిగ్రీ చెయ్యండి, అధికారి ఉద్యోగానికి ప్రిపేర్ కండి, కష్టపడితే ఎందుకు రాదు" అని ఈ రెండోవాళ్లు హాస్టళ్లకు వచ్చి మా పిల్లలకు చెబుతారు. సలహా మంచిదే. కానీ అది చెప్పేవాళ్లు సగం మాట మింగేస్తున్నారు. మా పిల్లలు తయారు కావడానికి ప్రభుత్వం ఏ మేరకు తయారై ఉంది? మా ఊళ్లకు అధికారిగా వచ్చే మనిషి ఏ మేరకు తయారై వస్తున్నారు? ఈ రెండు ప్రశ్నలు ఏ సభలోనూ వినబడవు కాబట్టి ఇక్కడ మేమే అడుగుతున్నాం.

మేం ఉట్నూరు ఏజెన్సీ వాళ్లం. గోండులం, కోలాములం, పరధానులం. విత్తనాలను దేవర ముందు పెట్టి పూజ చేశాకే చేనుకు పోయేవాళ్లం. వ్యవసాయం మాకు కొత్తగా ఎవరూ నేర్పలేదు. అయినా మా చేను గురించి కాగితం మీద రాసే పెన్ను మాత్రం మా చేతిలో లేదు.

వ్యవసాయాధికారి అంటే మా ఊళ్లలో చాలామంది దృష్టిలో సబ్సిడీ విత్తనాలకు చీటీ రాసే సారు. చట్టంలో ఆ కుర్చీకి ఉన్న బలం చాలా పెద్దది. 1966 విత్తనాల చట్టం, 1968 పురుగుమందుల చట్టం, 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, ఈ మూడింటి కింద తనిఖీ చేసే అధికారం మండల వ్యవసాయాధికారికి ఉంటుంది. దుకాణంలోకి వెళ్లి స్టాకు రిజిస్టరు అడగొచ్చు. నమూనా తీసి ల్యాబుకు పంపొచ్చు. అనుమానం ఉన్న సరుకు అమ్మకుండా ఆపొచ్చు. మాకు విత్తనం అప్పు ఇచ్చేది సావుకారే, మందు డబ్బా ఇచ్చేది అతనే, పంట వచ్చాక పత్తి తూకం వేసేదీ అతనే. అలాంటి సావుకారు దుకాణం మెట్లెక్కి "రిజిస్టరు తియ్యి" అనగలిగే కుర్చీలు మా మండలంలో ఎన్ని ఉన్నాయి? అందుకే ఈ ఉద్యోగాన్ని మేం జీతం లెక్కలో చూడటం లేదు.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత మా జొన్నచేలు, సామచేలు చాలావరకు పత్తిచేలయ్యాయి. ఇప్పుడు గడ్డిమందును తట్టుకుంటుందని చెప్పి, ప్రభుత్వ అనుమతే లేని పత్తి విత్తనాలు దొంగచాటుగా ఊళ్లకు వస్తున్నాయి. వాటికి బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కూ ఉండదు. ఇక మందుల సంగతి. ప్రతి పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు ఉంటే అత్యంత విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. వ్యవసాయ డిగ్రీ చదివిన ప్రతివారికీ ఇది కంఠతా వస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక మార్కు ప్రశ్నగా కనబడుతుంది. మా గూడెంలో ఆ డబ్బా మూత తీసి, బకెట్లో కలిపి, వీపున ట్యాంకు మోసేవాళ్లను అడగండి. ఆ త్రికోణం కంపెనీ గుర్తు అనుకునేవాళ్లే ఎక్కువ.

ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే 2017ను గుర్తు చేసుకోవాలి. పెన్‌గంగకు అవతలి ఒడ్డున ఉన్న యవత్మాల్ జిల్లాలో ఆ ఏడు పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అక్కడా మన గోండులు, కోలాములు ఉన్నారు. అక్కడిదీ ఇదే పత్తి. నది ఒక్కటే అడ్డం.

ఒక వానాకాలం మా పక్క గూడెంలో రైతు సమావేశం జరిగింది. వచ్చిన అధికారి చెడ్డవారు కాదు. ఎండలో నడిచి వచ్చారు, గంటసేపు ఓపికగా చెప్పారు. చెప్పిందంతా తెలుగులో, సగం మాటలు ఇంగ్లీషులో. "లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లు" అన్నారు. మగవాళ్లు తలలూపారు. ఆడవాళ్లు వెనక కూర్చుని విన్నారు. వారు వెళ్లిపోయాక ఒక పెద్దమ్మ గోండిలో అడిగింది: "ఆ సారు మందు ఎక్కువ కొట్టమన్నాడా, తక్కువ కొట్టమన్నాడా?" అక్కడున్న నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఆఫీసు రిజిస్టరులో మాత్రం ఆ రోజు శిక్షణ పూర్తయినట్టే లెక్క.

ఆ ప్రశ్నకు గోండిలో జవాబు చెప్పగల అధికారి కావాలంటే మా పిల్లలు ఆ కుర్చీ దాకా రావాలి. ఆ దారి ఎలా ఉందో చూద్దాం.

మొదటి అడ్డు ఇంటర్ దగ్గరే. వ్యవసాయ డిగ్రీకి పోవాలంటే బైపీసీ చదవాలి, ప్రవేశ పరీక్షలో ర్యాంకు రావాలి. ఐదో తరగతి దాకా గోండి తప్ప మరొకటి మాట్లాడని పిల్లలు తెలుగు నేర్చుకునేలోపే సైన్సు ఇంగ్లీషులోకి మారిపోతుంది. వాళ్లకు చేను తెలుసు, పురుగు తెలుసు, ఏ మబ్బుకు వాన పడుతుందో తెలుసు. తెలిసినదాన్ని పరీక్ష అడిగే భాషలో చెప్పే దారి మాత్రం ఎవరూ చూపలేదు.

రెండో అడ్డు అన్నిటికన్నా అన్యాయమైనది. వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో ఏళ్లుగా రైతు కోటా ఉంది. 40 శాతం సీట్లు రైతుల పిల్లలకే అన్నారు. గొప్ప ఆలోచన. అయితే రైతు అని ఎలా నమ్ముతారు? కనీసం ఎకరం భూమి ఉన్నట్టు కాగితం చూపాలి. మా బంధువుల్లో ఒక అమ్మాయి తండ్రి మూడెకరాల పోడు చేస్తాడు. ఆయన తండ్రి కూడా ఆ నేలలోనే జొన్న వేశాడు. ఆ అమ్మాయి కలుపు తీసింది, పత్తి ఏరింది, రాత్రుళ్లు మంచె మీద కాపలా కాసింది. కౌన్సెలింగులో కాగితం అడిగారు. లేదు. అడవి శాఖ లెక్కలో ఆ తండ్రి ఆక్రమణదారు, విశ్వవిద్యాలయం లెక్కలో రైతే కాదు. పట్నంలో ఉంటూ ఊళ్లో పొలం కౌలుకిచ్చినవాళ్ల దగ్గర మాత్రం పాసుపుస్తకం ఉంటుంది. ఆ అమ్మాయి దగ్గరి పట్టణంలో మామూలు డిగ్రీలో చేరింది.

2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు నాలుగు లక్షల ఎకరాల పోడుకు పట్టాలిచ్చింది. పట్టా చేతికొచ్చిన ఇళ్లలో సంతోషం నిజమే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2023లో పట్టా వచ్చింది. మధ్యలో పదిహేడేళ్లు. ఆ చట్టం వచ్చిన ఏడు పుట్టిన బిడ్డ ఇంటర్ చదివే వయసుకొచ్చింది. ఇప్పటికీ కాగితం అందని ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

మూడో అడ్డు కాలేజీ లోపల. మన పిల్లలు ఎలాగో చేరారనుకుందాం. పుస్తకంలో పోడు గురించి ఉంటుంది. అడవిని నాశనం చేసే పాత పద్ధతి అని రాసి ఉంటుంది. అదే పుస్తకంలో ఇంకో పాఠంలో జొన్నలో కంది అంతరపంటగా వేస్తే నేలకు మంచిదని, ఒక పంట పోయినా ఇంకొకటి నిలుస్తుందని ఉంటుంది. ఆ రెండో పాఠం మా తాతలు చేసిన పనే. మొదటి పాఠంలో మా పేరు పెట్టి తిట్టారు, రెండో పాఠంలో మా పేరు తీసేసి మెచ్చుకున్నారు. మార్కుల కోసం మా పిల్లలు ఈ రెండూ రాయాలి.

నాలుగోది పరీక్ష. 2022 చివర్లో తెలంగాణలో 148 వ్యవసాయాధికారి పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. జనరల్ స్టడీస్‌కు 150 మార్కులు, వ్యవసాయానికి 300. వ్యవసాయం పేపరు ఇంగ్లీషులోనే. ఈలోగా సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకు బయటపడింది, ఈ పరీక్ష కూడా ఏప్రిల్ నుంచి 2023 మేకు జరిగింది. ఊళ్లో భూమి కౌలుకిచ్చి హైదరాబాదులో గది అద్దె కట్టగలవాళ్లకు ఒక నెల ఆలస్యం ఇంకొక నెల చదువు. కూలి డబ్బుతో గది కట్టేవాళ్లకు అది ఇంటికి తిరుగు ప్రయాణం.

ఎస్టీలకు 10 శాతం ఉంది కదా అంటారు. 2022లో ఆరు నుంచి పదికి పెంచారు, నిజమే. 148లో పది శాతమంటే పదిహేను దాకా పోస్టులు, అవీ రాష్ట్రమంతటికీ. వాటిలో ఉట్నూరు ఏజెన్సీకి, గోండి వచ్చినవారు ఎంతమంది వస్తారో లెక్క కట్టుకోండి.

ఇక్కడ మెరిట్ వాదులు లేస్తారు. "ప్రతిభ ఉన్నవాళ్లకే పదవి ఇవ్వాలి, పుట్టుకను బట్టి కాదు" అంటారు. ఒప్పుకుందాం. అయితే ప్రతిభ అంటే ఏమిటో ముందు తేలుద్దాం. రైతుకు చెప్పడం ఈ ఉద్యోగంలో సగం పని. విస్తరణ అనే పేరుతో దానికి ఒక శాస్త్రమే ఉంది, సిలబస్‌లో దానికి మార్కులున్నాయి. వినేవాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలని ఆ శాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. అలాంటప్పుడు గోండులు, కోలాములు ఎక్కువగా ఉన్న మండలంలో ఆ భాషలు రావడం ప్రతిభ ఎందుకు కాదు? ఉద్యోగంలో చేరినవారు ప్రొబేషన్‌లో డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాస్ కావాలి. బిల్లులు, ఖాతాల నియమాలు రాకపోతే అధికారి పనికిరారు. రైతు మాట రాకపోయినా పనికొస్తారు. ఈ నియమం రాసినవాళ్ల మనసులో రైతు ఎక్కడున్నాడు?

"స్థానికులు" అనే మాటకు కూడా రెండు కొలతలున్నాయి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో 95 శాతం ఉద్యోగాలు స్థానికులకే. దాన్ని మేం తప్పుపట్టం. తెలంగాణ ఉద్యమం అడిగిందే అది, ఆ ఉద్యమంలో మేమూ నడిచాం. కానీ ఈ ఉద్యోగంలో స్థానికత మల్టీజోన్ లెక్కన ఉంటుంది. ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అన్నీ ఒకటే. ఖమ్మం పట్టణంలో చదివినవారు జైనూరుకు స్థానికులు. ఇది న్యాయమట. జైనూరు వాళ్లు జైనూరుకు స్థానికులం మేమే అంటే అది రాజ్యాంగ విరుద్ధమట.

రాజ్యాంగ విరుద్ధమని ఊరికే అనడం లేదు. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రం మూడో నంబరు జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూరు శాతం కుదరదంది. ఆ తీర్పు మీద మాకు బాధ ఉంది. అయితే ఆ జీవో ఉన్నప్పుడు కూడా అది బడి గుమ్మం దాటలేదు. వ్యవసాయం, వైద్యం, రెవెన్యూ ఏవీ అందులో లేవు. నూరు శాతం కుదరదని కోర్టు అంది గాని, భాష అర్హతగా పెట్టవద్దని అనలేదు. ప్రభుత్వాలకు మనసుంటే ఆ దారి ఇప్పటికీ తెరిచే ఉంది.

ఇది జరగని పని కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం తీశాక నిజాం ప్రభుత్వానికి మేం గుర్తొచ్చాం. హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆ దశాబ్దంలోనే మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టి, గోండిలో వాచకాలు తయారు చేసి, గోండు యువకులనే ఉపాధ్యాయులను చేశారు. రాజు ఉన్న రోజుల్లో సాధ్యమైనది రాజ్యాంగం ఉన్న రోజుల్లో ఎందుకు సాధ్యం కాదు?

అడగవలసినవి నాలుగు. షెడ్యూల్డ్ ప్రాంతంలో పనిచేసే వ్యవసాయాధికారి, విస్తరణాధికారి పోస్టులకు స్థానిక ఆదివాసీ భాషను అర్హత చెయ్యాలి. రానివారు ప్రొబేషన్ ముగిసేలోపు నేర్చుకుని పరీక్ష పాస్ కావాలి. రైతు కోటాకు కాగితం లేనిచోట గ్రామసభ ఇచ్చే ధ్రువీకరణ చాలాలి. అటవీ హక్కుల చట్టమే గ్రామసభను నమ్మి మొదటి నిర్ణయం దానికి వదిలింది, విశ్వవిద్యాలయం ఎందుకు నమ్మదు? డిగ్రీ చివర్లో పిల్లలు ఊళ్లలో ఉండి పని నేర్చుకునే కార్యక్రమం ఉంది, అందులో ఏజెన్సీ గూడేలను తప్పనిసరి చెయ్యాలి. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాల్లో బైపీసీకి ల్యాబు, శాశ్వత లెక్చరర్లు ఉండాలి.

మనవాళ్లతోనూ ఒక మాట. ఈ దారిలో గెలిచినవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లను చూసి గర్వపడతాం. కానీ మొదటి పోస్టింగు ఏజెన్సీలో పడితే ఏడాది తిరక్కుండా పట్నానికి డిప్యుటేషన్ వేయించుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. డిగ్రీ అయ్యాక బ్యాంకు ఉద్యోగానికి పోయి మళ్లీ చేను మొహం చూడనివాళ్లూ ఉన్నారు. కుటుంబ కష్టాలు మాకు తెలుసు, పిల్లల చదువులు తెలుసు. అయినా గోండి వచ్చిన అధికారి గోండి వినబడని ఆఫీసులో కూర్చుంటే మనం అడిగినదానికి అర్థం ఏముంది?

చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది ఇదే. చదవండి. ఇంగ్లీషు పేపరుకు భయపడకండి, దాన్ని ఓడించండి. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్ ద్వారా విస్తరణాధికారి ఉద్యోగానికి దారి ఉందని ఇళ్లలో చెప్పండి. సెలవులకు వచ్చినప్పుడు ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతి పురుగుకు, తెగులుకు, గడ్డికి అమ్మ చెప్పే గోండి పేరు, తెలుగు పేరు, పుస్తకంలోని పేరు పక్కపక్కన రాయండి. ఆ పుస్తకం ఏ కోచింగ్ సెంటరులోనూ దొరకదు. తర్వాత వచ్చేవాళ్లకు అది ఇవ్వండి. సంతరోజున మందు దుకాణం ముందు నిలబడి త్రికోణం రంగుల అర్థం నలుగురికి చెప్పండి. అందుకు నోటిఫికేషన్ అక్కర్లేదు.

మా పిల్లలు తయారవుతూనే ఉన్నారు. ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఆమె భాషలో జవాబు చెప్పడానికి ప్రభుత్వం ఎప్పుడు తయారవుతుందో చెప్పాలి. వచ్చే వానాకాలానికి మందు డబ్బాలు ఇప్పటికే దుకాణాలకు చేరుతున్నాయి.