టెస్ట్ చేయని బ్యాకప్ బ్యాకప్ కాదు

ముందే చెప్పేస్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఈ క్లబ్‌లో చేరాకే తెలుగులో ఒక పేజీ దాటి రాయడం మొదలుపెట్టాను. ఎక్కడైనా ఒత్తు తప్పితే సర్దుకోండి. విషయం మాత్రం ఏ బ్రాంచ్ వాళ్ళకైనా పనికొచ్చేదే.

ఇంటర్ అయ్యాక సెలవుల్లో అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆవిడ చెప్పే కథలు, సుమతీ శతకం పద్యాలు ఫోన్‌లో రికార్డ్ చేశాను. మొత్తం 43 ఎంపీ3 ఫైళ్ళు. ఫోన్ మార్చేటప్పుడు వాటిని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి, ఒకే జిప్‌గా చేసి, పెన్ డ్రైవ్‌లోకి కాపీ కొట్టాను. ఉబుంటులో కాపీ బార్ చివరిదాకా నిండింది. వెంటనే పెన్ డ్రైవ్ లాగేశాను. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక అసలు ఫైళ్ళు డిలీట్ చేశాను.

పోయిన ఏడాది అమ్మమ్మ చనిపోయింది. సంవత్సరీకం రోజు ఆవిడ గొంతు అందరికీ వినిపిద్దామని మామయ్య అన్నాడు. పెన్ డ్రైవ్ పెట్టి జిప్ మీద క్లిక్ చేస్తే తెరుచుకోలేదు. ఫైల్ మధ్యలోనే అయిపోయిందని ఎర్రర్.

"కంప్యూటర్ సైన్సే కదరా చదివేది, ఆ మాత్రం బాగు చెయ్యలేవా?" అన్నాడు మామయ్య.

తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు. కాపీ బార్ నిండిందంటే డేటా ర్యామ్ దాకా చేరిందనే అర్థం. పెన్ డ్రైవ్‌లోకి రాయడం ఆ తర్వాత కూడా వెనకాల జరుగుతూనే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కమనేది అందుకే. ఈ సంగతి ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో చదివాను కూడా. చదివింది పరీక్షకి.

వారం రోజులు కూర్చున్నాను. నెట్‌లో "నూటికి నూరు శాతం రిపేర్" అని అమ్మే సాఫ్ట్‌వేర్లు బోలెడు కనిపించాయి. వాటిని నమ్మే ముందు జిప్ లోపల ఏముంటుందో చూద్దామనుకున్నాను. జిప్ ఫార్మాట్ 1989లో ఫిల్ కాట్జ్ తయారుచేశాడు. జిప్‌లో ఒక్కో ఫైల్ ముందు చిన్న హెడర్ ఉంటుంది. అది ఆయన పేరులోని పీ, కే అనే రెండు అక్షరాలతోనే మొదలవుతుంది. అన్ని ఫైళ్ళకీ కలిపి విషయసూచిక మాత్రం పుస్తకంలోలా ముందు ఉండదు, చివర్లో ఉంటుంది. నా ఫైల్‌కి తోక తెగింది కాబట్టి ఆ సూచికే పోయింది. లోపల సరుకు చాలావరకు ఉన్నా, ఏది ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కి తెలియడం లేదు.

దీనికి ఉచితంగానే దారి ఉంది. లినక్స్‌లో జిప్ కమాండ్‌కి ఎఫ్‌ఎఫ్ అనే ఆప్షన్ ఇస్తే, అది ఫైల్ మొత్తం మొదటి నుంచి వెతుక్కుంటూ పోయి, దొరికిన హెడర్లతో కొత్త సూచిక కడుతుంది. అలా 31 రికార్డింగులు పూర్తిగా వచ్చాయి. 32వది సగమే ఉంటే 7-జిప్‌తో ఉన్నంత మేరకు బయటికి తీశాను. ఎంపీ3 చిన్న చిన్న ముక్కలుగా, ప్రతి ముక్కకీ సొంత హెడర్‌తో ఉంటుంది కాబట్టి ఆ సగం మోగింది. మిగతా 11 పెన్ డ్రైవ్‌లోకి ఎప్పుడూ చేరనే లేదు. లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ రిపేర్ చేయలేదు.

ఇక్కడే నా అభిప్రాయం. రిపేర్ అనే మాట మనల్ని మోసం చేస్తోంది. ఫైల్ పాడయ్యాక చేసేది రిపేర్ కాదు, మిగిలింది ఏరుకోవడం. అసలు రిపేర్ ఫైల్ బాగున్న రోజునే చేసి పెట్టుకోవాలి.

ఎందుకో చెప్తాను. కంప్రెషన్ అంటే రిపీట్ అయ్యేదాన్ని తీసేయడం. వచ్చిన మాటే మళ్ళీ వస్తే దాన్ని రాయకుండా "ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్ళి ఇంత కాపీ చేసుకో" అని గుర్తు పెడుతుంది. కాబట్టి ఒకచోట తప్పు పడితే దాన్ని చూసి కాపీ కొట్టే చోట్లన్నీ తప్పుతాయి. జిప్‌లో ఒక్కో ఫైల్‌ని విడిగా కుదిస్తారు కాబట్టి దెబ్బ ఆ ఫైల్‌తో ఆగుతుంది. 7జెడ్ ఫార్మాట్ మామూలుగా అన్నిటినీ కలిపి ఒకే ముద్దగా కుదిస్తుంది. సైజు తగ్గుతుంది, కానీ మధ్యలో దెబ్బ తగిలితే దాని వెనకున్నవి కూడా పోవచ్చు. జిప్‌లో సీఆర్‌సీ అనే 32 బిట్ల లెక్క ఉంటుంది నిజమే, అది "తప్పుంది" అని చెప్తుంది తప్ప ఎక్కడుందో, సరైనదేదో చెప్పదు.

సరైనదేదో తెలియాలంటే అదనంగా కొంత దాచుకోవాలి. రార్‌లో రికవరీ రికార్డ్ అనే ఆప్షన్ ఉంది, ఫైల్ బాగున్నప్పుడే పెట్టుకోవాలి. ఏ ఫార్మాట్‌కైనా పార్2 ఫైళ్ళు విడిగా చేసుకోవచ్చు. పది శాతం అదనంగా పెట్టుకుంటే సుమారు పది శాతం బ్లాకులు పోయినా తిరిగి కట్టుకోవచ్చు. దీని వెనకున్నది 1960లో రీడ్, సాలమన్ కనిపెట్టిన గణితం. సీడీ మీద గీతలు పడ్డా పాట వినిపించేది, క్యూఆర్ కోడ్ కొంచెం చిరిగినా స్కాన్ అయ్యేది దానివల్లే.

ఇది కంప్యూటర్ల వాళ్ళ గొడవ అనుకోకండి. మిగిలిన రికార్డింగుల్లో ఒకచోట కుక్కర్ విజిల్ కింద పద్యంలో ఒక మాట మునిగిపోయింది. మామయ్యకి ఆ పద్యం సరిగ్గా గుర్తులేదు. అయినా "కంద పద్యంరా ఇది, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాలి" అంటూ ప్రాస పట్టుకుని, లెక్క సరిచూసుకుని ఆ మాట చెప్పేశాడు. గణాలు తప్పుందని చెప్తాయి, ప్రాస ఏముండాలో సూచిస్తుంది. ఛందస్సు ఎందుకు నేర్చుకోవాలని నేను కూడా అడిగినవాణ్ణే. పద్యం రాసినవాళ్ళు అందులోనే రికవరీ డేటా పెట్టి ఇచ్చారని ఇప్పుడు అనిపిస్తోంది. సీపీ బ్రౌన్ కూడా ఒక్క ప్రతిని నమ్ముకోలేదు. ఎన్నో తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్చి చూశాకే 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు.

"క్లౌడ్‌లో పెడితే అయిపోయేదిగా" అని మా రూమ్మేట్ అన్నాడు. మంచిదే, పెట్టండి. కానీ నేను అప్‌లోడ్ చేసేది విరిగిన జిప్ అయితే క్లౌడ్ దాన్ని అంతే భద్రంగా దాస్తుంది. సింక్ ఆన్‌లో ఉంటే ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది. కాపీ ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. తెరిచి చూశావా అన్నది మొదటిది.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఎంపీ3 ముందే కుదించిన ఫైల్. దాన్ని జిప్ చేసి నేను మిగుల్చుకున్న చోటు దాదాపు ఏమీ లేదు. ఫైళ్ళు విడివిడిగా ఉంచి ఉన్నా పెన్ డ్రైవ్ తొందరపడి లాగిన తప్పుకి కొన్ని పోయేవే. కానీ పోయాయని ఆ రోజే కనిపించేది, అసలువి ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి. జిప్ పేరుతో ఒక్క ఐకాన్ కనిపించేసరికి అంతా ఉందనుకున్నాను.

సగం వచ్చిన ఆ 32వ ఫైల్ ఒక కథ. చెరువుగట్టు మీద ముసలమ్మ, దొంగ. దొంగ తలుపు తట్టేదాకా ఉంది, తర్వాత లేదు. ముగింపు మామయ్య ఒకలా చెప్తున్నాడు, అక్క ఇంకోలా చెప్తోంది. ఇద్దరివీ విడివిడిగా రికార్డ్ చేశాను. ఈసారి జిప్ చేయలేదు.

ఇక మన సంగతి. ఈ క్లబ్ పాత సంచికలన్నీ ఒకే జిప్‌లో, ఒకే డ్రైవ్‌లో ఉన్నాయి. పోయిన వారం టెస్ట్ చేశాను, అన్నీ బాగానే తెరుచుకున్నాయి. పార్2 ఫైళ్ళు చేశాను, ఒక కాపీ నా దగ్గర పెట్టుకున్నాను. ఇంకో ఇద్దరు కావాలి. తీసుకునేవాళ్ళు డౌన్‌లోడ్ చేశామని కాదు, తెరిచి చూశామని మెసేజ్ పెట్టండి.