వారాంతపు విహారంలో ఏ ఖర్చు తగ్గించుకోవాలి?

శనివారం తెల్లవారుజామున ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కాసేపు నిలబడి చూడండి. భుజాన సంచులతో నలుగురైదుగురు చొప్పున యువకులు వరంగల్ వైపు వెళ్లే బస్సుల కోసం ఎదురుచూస్తుంటారు. మరికొందరు మోటారుసైకిళ్లకు సామాను కట్టుకుంటుంటారు. దగ్గరైతే భువనగిరి కోట, తీరిక ఉంటే 200 కిలోమీటర్లు దాటి ములుగు జిల్లాలోని లక్నవరం. కాకతీయుల కాలపు ఆ చెరువు, దాని మీది వేలాడే వంతెన, పడవ షికారు వారిని అంత దూరం రప్పిస్తాయి. నాచారం పారిశ్రామికవాడలో వారమంతా షిఫ్టులలో పనిచేసేవారికి ఉప్పల్ కూడలి తూర్పు వాకిలి వంటిది.

అటువంటి ఒక అబ్బాయి మా వీధిలోనే ఉంటాడు. బస్సెక్కితే వాంతులయ్యే మిత్రుని కోసం మాత్ర అడగడానికి ఇటీవల మా ఇంటికి వచ్చాడు. మాటల్లో తన ఫోనులో రాసుకున్న ఖర్చుల పట్టీ చూపించాడు. అయిదుగురు మిత్రులు, రెండు రోజులు, తలకు 2,000 రూపాయలు. బస్సు చార్జీలు, గది అద్దె, బిర్యానీ, మద్యం అన్నీ వరుసగా ఉన్నాయి. చిట్టచివర ఇలా ఉంది: ‘బోటింగ్, జిప్‌లైన్ – డబ్బులు మిగిలితే.’ మిగలకపోతే ఏం చేస్తారని అడిగాను. ‘పార్కు లోపలికి వెళ్లం సార్, ఆవలి గట్టుకు పోతే ఈతకు టికెట్ ఉండదు’ అన్నాడు. నీకు ఈత వచ్చా అంటే నవ్వి ఊరుకున్నాడు.

పాఠకులారా, ఆ పట్టీలో చివరి పద్దు మొదటికి రావాలని చెప్పడానికే ఈ వ్యాసం. విహారాలకు నేను వ్యతిరేకిని కాను. రాత్రి షిఫ్టులు చేసి, పగటి ఎండ ముఖాన పడని ఈ పిల్లలకు రెండు రోజుల చెట్టునీడ, మిత్రుల నవ్వు నేను రాసే ఏ మందుకంటెనూ మేలు చేస్తాయి. వారిని పోవద్దని కట్టడి చేసే తల్లిదండ్రులతో కూడా నాకు ఏకీభావం లేదు. వద్దంటే చెప్పకుండా పోతారు. చెప్పకుండా పోయినవారు ఎక్కడున్నారో ఆపదలో ఎవరికీ తెలియదు.

2025 జనవరి 11న, సంక్రాంతి ముందు శనివారం, ముషీరాబాద్ ప్రాంతానికి చెందిన మిత్రులు సిద్దిపేట జిల్లాలోని కొండపోచమ్మ సాగర్‌కు వెళ్లారు. అయిదుగురు తిరిగి రాలేదు. 2014 జూన్ 8న మన నగరపు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువనున్న లార్జీ జలాశయం నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. రెండు చోట్లా అందమైన నీరుంది, ఉత్సాహమున్న యువకులున్నారు. ఒడ్డున తాడు పట్టుకుని కాపలా ఉండే మనిషి లేడు. టికెట్‌తో మనం కొనేది ఆ మనిషినే. చాలాచోట్ల ఆ టికెట్ ఒక బిర్యానీ ఖరీదును దాటదు.

ఉచితంగా దొరికే గట్టు ఎందుకు ప్రమాదకరమో తెలుసుకోవాలి. జలాశయాల కట్టలకు లోపలి వైపు రాళ్లు పరుస్తారు. నీటి అంచున వాటిపై నాచు పేరుకుంటుంది. కాలు పెడితే జారుతుంది, పట్టుకుని పైకి రావడానికి ఆధారం ఉండదు. కట్టకు కావలసిన మట్టిని చాలాచోట్ల లోపలి నుంచే తవ్వుతారు కనుక మోకాటి లోతు నీటికి రెండడుగుల దూరంలోనే నిలువెత్తు గుంత ఉండవచ్చు. మన ఊరి చెరువుల్లో పూడికమట్టి తీసిన గుంతలూ అంతే. పైనుంచి చూస్తే నీరంతా ఒకే మట్టంగా, అమాయకంగా కనిపిస్తుంది. లోతు తెలియని నీటిలోకి తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగి జీవితాంతం కాళ్లూ చేతులూ కదలని స్థితి కలుగుతుంది.

మా తరంలో పల్లెటూళ్లలో ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టి పిల్లలను బావిలో దించేవారు. పదేళ్లు వచ్చేసరికి ఈత వచ్చేది. ఉప్పల్‌లో పుట్టిన పిల్లవాడు ఎక్కడ నేర్చుకోవాలి? మురుగు చేరిన నల్లచెరువులో ఎవరు దిగుతారు? ప్రైవేటు కొలనుల నెల రుసుము కార్మికుని కుటుంబం భరించలేదు. చెరువుల దగ్గర ‘ప్రమాదం, దిగరాదు’ అన్న పలకలు పాతడంతో ప్రభుత్వాలు తమ బాధ్యత తీరిందనుకుంటున్నాయి. అంతకంటె ప్రతి వార్డుకూ కాకపోయినా ప్రతి నియోజకవర్గానికీ ఒక చవకైన ఈతకొలను, ఒక శిక్షకుడు అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇది విలాసం కాదు, టీకా వంటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీటమునిగి మరణించారు.

ఈతకు మించిన లోతు లేదని మన సామెత. వైద్యునిగా దీనితో నాకు పేచీ ఉంది. మద్యం తాగినవాని ఈత అతన్ని కాపాడదు. మద్యం ధైర్యాన్ని పెంచి, అంచనాను, చేతికాళ్ల పొందికను తగ్గిస్తుంది. ఆ పట్టీలోని మద్యం పద్దు పూర్తిగా కొట్టివేయమన్నాను. వినకపోతే కనీసం నీళ్లలో దిగే పని, బండి నడిపే పని ముగిసిన తరువాత, గదిలో అన్నాను. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో నిద్రమత్తుతో బండి నడపడం గురించి వేరే వ్యాసం రాయాలి. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఏళ్ల తరబడి సాగిన ఫ్లైఓవరు పనుల మధ్య ఆ మత్తు ఇంకా ప్రమాదకరం.

మునుగుతున్నవాడు సినిమాల్లో వలె చేతులెత్తి ‘కాపాడండి’ అని అరవడు. ఊపిరి అందక అరిచే శక్తి ఉండదు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, ఒక నిమిషం లోపే నిశ్శబ్దంగా కిందికి పోతాడు. పక్కనున్న మిత్రులు ఆటలాడుతున్నాడనుకుంటారు. తెలియగానే ఒకడు దూకుతాడు, వానిని కాపాడబోయి మరొకడు. ఒకే వార్తలో ముగ్గురు, నలుగురు మిత్రుల పేర్లు కనిపించడానికి చాలాసార్లు కారణమిదే. మునిగేవాడు ప్రాణభయంతో దొరికినదాన్ని, అంటే కాపాడవచ్చినవాని మెడను, ఉడుంపట్టు పడతాడు. కనుక దూకవద్దు. తాడు, పొడవాటి కర్ర, ముడివేసిన తువ్వాళ్లు విసరండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను ఒక మనిషిని తేల్చగలదు.

బయటికి తీసిన తరువాత మనవాళ్లు చేసే తప్పులు ఇంకా బాధాకరం. కాళ్లు పట్టి గిరగిర తిప్పడం, బోర్లా వేసి కడుపు నొక్కి నీళ్లు కక్కించడం నేను ఉద్యోగకాలంలో ఎన్నోసార్లు విన్నాను. అలా పోయిన నిమిషాలు తిరిగిరావు. ఆక్సిజన్ అందకపోతే నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు 108కి ఫోను చేస్తుండగా మరొకరు తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందుగా ఊపిరి ఊదాలి. గుండెపోటుకు ఛాతీ నొక్కడం ప్రధానం, నీటమునిగినవానికి ఊపిరి కూడా తప్పనిసరి. తరువాత ఛాతీ మధ్యన రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కి, రెండు ఊపిరులు ఇవ్వాలి. సహాయం వచ్చేవరకు ఆపకూడదు. తేరుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకువెళ్లవలసిందే. ఊపిరితిత్తులలో చేరిన నీరు కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం తెస్తుంది.

మూర్ఛ వ్యాధి ఉన్నవారు దాన్ని మిత్రుల దగ్గర దాచిపెడతారు, పెళ్లి సంబంధాల భయంతో తల్లిదండ్రులే దాయమంటారు. నీటిలో ఫిట్స్ వస్తే అర నిమిషం చాలు. వెంట వచ్చే మిత్రులలో కనీసం ఒక్కరికైనా చెప్పండి, మాత్ర మానకండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. విహారయాత్రల్లో అందరూ మొదట మానేసేది నిద్రనే.

ఇక లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో డెబ్బై మందికి పైగా ఉన్న పర్యాటక పడవ మునిగింది. కొందరు జాకెట్లు తీసి పక్కన పెట్టిన సమయంలోనే ప్రమాదం జరిగిందని ప్రాణాలతో బయటపడినవారు చెప్పారు. జాకెట్ ఒంటి మీద ఉండాలి, బకిల్స్ అన్నీ బిగించి ఉండాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని మిత్రునికి చెప్పండి. అది చెవుల దాకా లేస్తే మీకు వదులైనట్టు. నీళ్లలో పడితే అది పైకి పోతుంది, మీరు కిందికి పోతారు.

అబ్బాయికి వాంతుల మాత్ర ఇచ్చాను, బస్సెక్కడానికి అరగంట ముందు వేసుకోమన్నాను. పట్టీ నా ముందే మార్చి రాశాడు, ఒకటి రెండు పద్దుల దగ్గర మొహం మాడ్చుకున్నాడు. సోమవారం సాయంత్రం ఎండకు నల్లబడి వచ్చాడు. జిప్‌లైన్‌కు డబ్బు చాలలేదట, పడవ ఎక్కారట. మొదట ఇచ్చిన జాకెట్ లాగి చూస్తే చెవుల దాకా వచ్చిందని, చిన్నది అడిగి మార్చుకున్నానని చెప్పాడు. మిగతా నలుగురూ వెక్కిరించారట. తరువాత ఒక్కొక్కరే తమవీ లాగి చూసుకున్నారట.