కోతులను తరలిస్తే బెడద తీరునా?

కోతులను బోనుల్లో పట్టి పొరుగూరి పొలిమేరలో వదిలినంత మాత్రాన కొబ్బరి రైతు కష్టం తీరదు. గౌతమి ఒడ్డున వున్న కె.గంగవరం మండలానికీ ఈ మాట వర్తిస్తుంది.

కోతి మందకు ఒక దినచర్య వున్నది. తెల్లవారగానే పడక చెట్టు దిగి మేతకు బయలుదేరుతుంది. దొరికినదల్లా బుగ్గసంచుల్లో కుక్కుకుంటుంది. ఎండ ముదిరితే నీడకు చేరి ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి. పొద్దు వాలేలోగా మళ్లీ మేసి చెట్టెక్కుతాయి. మేత, నీరు, పడక అమరిన చోటును మంద సులభంగా వదలదు. గుడి ముంగిట అరటిపండ్లు, వీధి చివర చెత్తకుప్ప, పక్కనే లేత కొబ్బరి పిందెలు వుండగా ఎందుకు వదులుతుంది?

దక్షిణాది కోతికీ, ఉత్తరాది ఎర్రమూతి కోతికీ గోదావరి ఒకప్పుడు సరిహద్దు. ఎక్కడో పట్టి మరెక్కడో వదలడం కూడా ఈ హద్దును చెరిపింది. దక్షిణాది కోతి నేడు ముప్పున్న జాతుల జాబితాలోకి చేరింది.

తెలంగాణలోని నిర్మల్ వద్ద 2020లో కోతుల పునరావాస కేంద్రాన్ని నెలకొల్పి సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేపట్టారు. అటువంటి ఏర్పాటు గోదావరి తీరానికీ అవసరం. అటవీ శాఖ ముందుకు రావాలి. పంచాయతీలు చెత్తకుప్పలు తొలగించాలి. భక్తులు పండ్లు పెట్టడం మానాలి. తన వూరి కోతిని పక్కవూరికి తోలడం పరిష్కారం కాదు, కష్టాన్ని పంచడమే.