అతుకుల బొంతలో అమ్మమ్మ చీర

'పాత చీరలకు స్టీలు సామాన్లోయ్...'

మధ్యాహ్నం వేళ వీధిలో ఈ కేక వినిపిస్తే చాలు... శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా బీరువా తలుపులు తెరుచుకునేవి. మూటెడు చీరలిస్తే ఓ గిన్నె. ఇంకో రెండు కలిపితే పళ్లెం. బేరం కుదిరిందని ఇల్లాలికి సంబరం. గిన్నెదేముంది, ఏ కొట్లోనైనా దొరుకుతుంది. అమ్మమ్మ కట్టి, ఉతికి, దూదిలా మెత్తబడిన ఆ వాయిలు చీర మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

అలాంటి చీరలకు మన ఇళ్లలో వేరే దారి ఉండేది. అదే బొంత. చలికి కప్పుకున్నా, నేలమీద పరుచుకున్నా, పసిబిడ్డ పక్క కింద వేసినా పాత చీరల బొంతే. పుట్టిన బిడ్డను ముందుగా మెత్తటి పాత గుడ్డలో చుట్టే అలవాటు తెలుగిళ్లలో ఇప్పటికీ ఉంది. 'అతుకుల బొంత' అన్న మాటను మాత్రం పొంతన లేనిదాన్ని వెక్కిరించడానికి వాడేస్తున్నాం. పెద్దవాళ్లు కుట్టిన బొంతను ఒకసారి విప్పి చూడండి. అందులో ఎంత పొంతన ఉంటుందో తెలుస్తుంది. ఆ కిటుకంతా గుడ్డలు ఎంచుకోవడంలోనే ఉంది.

ముందు గుడ్డ... తర్వాతే రంగు

'రంగేటి సూస్తావే, ముందు గుడ్డ సూడు' అంటారు మన వైపు పెద్దవాళ్లు. నిజమే. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పోగులు పలచబడిన చోటు జల్లెడలా కనిపిస్తుంది. రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ లాగితే 'పర్ర్'మందా... ఆ భాగం వదిలేయండి. భుజం మీద పడే కొంగు, నేలకు రాసుకునే కుచ్చిళ్ల అంచు ముందుగా చివికిపోతాయి. లోపలి చుట్టులో ఉండే భాగం గట్టిగా ఉంటుంది. రంగూ అంతగా వెలవదు.

నూలుకు నూలే జత. పాలియెస్టర్ ముక్కను మెత్తటి పాత నూలు పక్కన కుడితే కొన్నాళ్లకు నూలే ఓడిపోతుంది, కుట్టు దగ్గర చిరుగుతుంది. జరీ అంచు పిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి కత్తిరించేయండి. మరీ పలచనైన వాయిలు ముక్కకు అడుగున పాత పంచె గుడ్డ వేసి, రెండూ కలిపి కుట్టండి.

ఇంట్లో పాత పొందూరు ఖద్దరు పంచె ఉంటే అదృష్టమే! శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో నూరో నంబరు నూలు వడకడం పేరున్న పని. ఆ గుడ్డ ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. గంధం రంగులోకి తిరిగిన అలాంటి పంచె బొంతకు మంచి నేపథ్యం. మెరిసే కొత్త తెలుపు పక్కన పెడితే పాత రంగులన్నీ మాసినట్టు కనిపిస్తాయి. గంధం రంగు పక్కనైతే అవే రంగులు నిండుగా ఉంటాయి.

ముదురు, నడిమి, లేత

ఇటుక రంగు, ఆవపిండి పసుపు, తమలపాకు పచ్చ, వంగపండు, ఉల్లిపొర, నెమలికంఠం... పాత చీరల పెట్టెలో ఇవన్నీ ఉంటాయి. ఏది దేనికి నప్పుతుందోనని తల పట్టుకోకండి. ముందు ముదురు, నడిమి, లేత అని మూడు కుప్పలు పెట్టండి. ముదురు పక్కన లేత వస్తే బొంత నిలబడుతుంది. అన్నీ నడిమి రంగులే అయితే ఎంత ఖరీదైన గుడ్డయినా చప్పగా ఉంటుంది. అనుమానమొస్తే ముక్కల్ని నేలమీద పరిచి సెల్‌ఫోన్‌లో నలుపు-తెలుపు ఫొటో తీయండి. తేడా ఇట్టే తెలిసిపోతుంది.

పూలలోనూ అంతే. పెద్దపూలు, చిన్నపూలు, గళ్లు, చారలు కలవాలి. ఒక్క మిరపపండు ఎరుపు మాత్రం అక్కడక్కడా చల్లినట్టు రావాలి. ఒకచోట పోగుపడితే కన్ను అక్కడే ఆగిపోతుంది.

రంగు దిగుతుందేమో చూడటం మరవొద్దు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. మరక అంటితే విడిగా నాలుగైదుసార్లు ఉతకండి. అప్పటికీ దిగుతుంటే ఆ ముక్క వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందని నమ్మి బొంతంతా పాడుచేసుకోకండి.

చీరకు ఇరవై ముక్కలే

అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బొంతకు ఆరంగుళాల ముక్కలు 140 కావాలి. కుట్టులో పోయేదానికి అరంగుళం కలిపి ఆరున్నర అంగుళాలు కత్తిరించాలి. ఏడు చీరల నుంచి తలా 20 ముక్కలు తీస్తే సరి. 20 ముక్కలకు చీర పొడవులో గజం కూడా పట్టదు! అంటే అమ్మమ్మ చీరను పూర్తిగా ముక్కలు చేయాల్సిన పనిలేదు. మంచి భాగంలో కొంచెం తీసుకుని మిగతాది దాచుకోవచ్చు.

చీరలు చాలకపోతే? పేరంటాల్లో పసుపు కుంకుమలతో పాటు ఇచ్చిన జాకెట్టు ముక్కలు ఏ ఇంట్లో లేవు? ఇంటింటికీ తిరిగే ఆ ముక్కల్లో నూలువి ఏరి, ఒకసారి ఉతికి ఆరేస్తే కుంచించుకుపోయేదేదో ముందే కుంచించుకుపోతుంది.

ఎవరిదీ ముక్క?

ఇది మన దగ్గరే పుట్టిన ముచ్చట కాదు. బెంగాల్ కాంతా కూడా పాత చీరలు, పంచెల పొరలతో మొదలైందే. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె, చనిపోయిన భర్త పొలం పనికి వేసుకున్న బట్టలతో బొంత కుట్టుకుంది. ఆ పల్లె బొంతల్ని 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో అక్కడి తపాలా బిళ్లలూ వచ్చాయి.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదనే ఇళ్లూ మన దగ్గర ఉన్నాయి. అలాంటి పట్టింపు ఉంటే పెద్దావిడ ఉండగానే మొదలుపెట్టండి. ఏ చీర ఎప్పుడు కొన్నారో, ఎవరి పెళ్లికి కట్టారో అడుగుతూ ముక్కలు కత్తిరించండి. రంగుల ఎంపిక కూడా ఆమెకే వదిలేయండి. కుట్టడం అయ్యాక వెనకవైపు ఓ మూల తెల్లగుడ్డ ముక్క అతికి, ఏ ముక్క ఎవరిదో దారంతో రాయండి. రేపు ఆ బొంతలో పడుకునే మనవరాలు 'ఈ పచ్చ చీర ఎవరిదే అమ్మా?' అని అడిగితే జవాబు అక్కడుంటుంది.