ఏటి యిసుకలో బొమ్మరిండ్లు



ఇసుకతో శిల్పములు చేయుట యనగానే మనకు సముద్రతీరము జ్ఞప్తికి వచ్చును. పూరీ తీరమున యిసుకబొమ్మలు మలచి పేరుగాంచిన సుదర్శన్ పట్నాయక్ గారికి 2014లో పద్మశ్రీ బిరుదము లభించినది. అనంతపురము సీమకు సముద్రము లేదు గదా, మన పిల్లలకు ఆ ముచ్చట యెట్లు తీరునని కొందరు తల్లు లనుకొందురు. ఇసుకబొమ్మకు వలసినది సముద్రము కాదు. శుభ్రమైన యిసుకయు, కొంచెము తడియు. ఈ రెండును పామిడి, తాడిపత్రి చెంతలను బారు పెన్నానదియే మనకు ఇచ్చుచున్నది.

మన సీమలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందు పెద్ద పాలు భాద్రపద, ఆశ్వయుజ మాసములలోనే పడును. కావున సంవత్సరములో చాలకాలము ఎండి తెల్లబడియుండు ఏటిబొడ్డు శరత్తు ఆరంభమున తడిసి మెత్తబడును. ఎండ తీక్ష్ణత తగ్గును. దసరా సెలవులు వచ్చును. సందడిలేని సాయంకాలమున పిల్లలను వెంటబెట్టుకొని ఏటి యిసుకకు పోవుటకు ఇంతకంటె మంచి అదను లేదు.

పాదముపై తడియిసుక కప్పి, అరచేతితో తట్టి, మెల్లగా కాలు వెనుకకు తీసి పిచ్చుకగూడు కట్టని బాల్యము మనలో ఎవరికి గలదు? అయినను ఆడపిల్ల కొంచెము ఎదుగగానే, “బట్టలు మాయును, ఇక చాలు, బిందె తీసికొని రమ్ము” అందుము. మగపిల్లవాడు మాత్రము చీకటిపడువరకు అచ్చటనే యుండును. ఈ భేదము న్యాయము కాదు. ఆ ఆటలో చేతికి నేర్పును, కంటికి కొలతయు, మనసునకు ఓర్పును అలవడును. అవి ఇద్దరికిని కావలసినవే.

పిచ్చుకగూటికంటె పెద్దది కట్టదలచిన పద్ధతి యిది. పైన నున్న పొడియిసుకను త్రోసివేసి క్రింది తడియిసుకను తీయవలెను. గులకరాళ్లు ఏరివేయవలెను. ఎనిమిది చెంబుల యిసుకకు ఒక చెంబు నీరు చాలునని వాడుకలోని లెక్క. ఇసుక ముందే తడిసియున్నచో ఇంకను తగ్గింపవచ్చును. పిడికిట పట్టి వదలినపుడు ముద్ద నిలిచినచో పదును సరిపోయినట్లు. అడుగు తీసిన పాత డబ్బాను నిలిపి, కొంచెము కొంచెముగా ఇసుక పోయుచు గట్టిగా కూరి, నీరు ఇంకిన పిదప డబ్బాను పైకి లాగవలెను. అడుగు వెడల్పుగాను, కొన సన్నముగాను ఉండవలెను. చెక్కుట యెప్పుడును పైనుండి క్రిందికే. క్రింద ముందు చెక్కినచో పైనుండి రాలిన యిసుక పని చెడగొట్టును. గరిటెకాడ, పాత చెంచా, చీపురుపుల్ల, ఇవియే పనిముట్లు. గాలికి ఆరిపోకుండ నడుమనడుమ నీరు చిలుకరింపవలెను.

ఏమి కట్టవలెనని పిల్లలడిగినచో దూరము పోనక్కరలేదు. గుత్తికొండపై కోట యున్నది. పెన్నయొడ్డుననే తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయ మున్నది. దాని గోపురములు పూర్తికాకయే నిలిచినను వాటి శిల్పము ఎంత నిండైనదో పిల్లలకు చూపి, ఇసుకలో తమ చేతనైనంత దింపుమనవచ్చును. ఆ క్షేత్రమునకు బుగ్గ యను పేరు నీటి ఊటను బట్టి వచ్చినదని గూడ చెప్పుడు. ఆ మాట మనలను అసలు సంగతికి గొనిపోవును.

పొడియిసుక ఏల జారును? తడియిసుక ఏల నిలుచును? రేణువునకును రేణువునకును నడుమ చిన్న నీటిబొట్టు వంతెనవలె నిలిచి రెండింటిని దగ్గరకు లాగును. 1997లో అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చిన్నచిన్న గుండ్లకు నూనె పూసి పరీక్షించి, కంటికి కానరానంత పలుచని తడిపొర యున్నను రాశి నిలుచు తీరు మారునని వెల్లడించిరి. నీరు మరీ యెక్కువైనచో వంతెనలు కరగి గోపురము కూలును. కొంచెము తడియే బలము.

రేణువుల సందులలో నీరు దాగియుండునను మాట పిల్లలు చేతులతోనే తెలిసికొందురు. ఆ నీటినే మన అమ్మమ్మలు వేసవిలో చెలమ తీసి, చిప్పతో తోడి, బిందె నింపి ఇంటికి తెచ్చిరి. పైన ఏరు ఎండినను క్రింద ఇసుక నీటిని ఎండబారినుండి కాపాడును. ఒడ్డున నున్న బావులకు ఊట నిచ్చును. ఇసుకను హద్దులేక తోడి బండ్లకెత్తినచో ఆ కొట్టు ఖాళీయగును. వచ్చిన వరద నిలువక పోవును, బావులు అడుగంటును. అప్పుడు నీటికై మరికొంత దూరము నడువవలసినది ఇంటి ఆడుదియే. ఇసుక తీయుటను అదుపుచేయుటకు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. చట్టము ఉండగానే చాలదు. గ్రామసభలో ఆ మాట ఎత్తవలసినది బిందె మోయువారే.

ఇసుక తన చోట నుండకున్న ఇంకొక కీడును గలదు. బొమ్మనహాళ్, కణేకల్లు ప్రాంతములలో వేదవతి యను హగరి ఏటియిసుక గాలికి లేచి పొలములపై దిబ్బలుగా పేరుకొనినది. ఏటిలో నీటికి కాపరియైన యిసుకయే చేనిలో పంటకు శత్రువగును. చెట్లు పెంచి గాలిని అడ్డుటయే దానికి తగిన ఉపాయము.

తల్లులకు కొన్ని జాగ్రత్తలు. పిల్లలు మోకాలిలోతు మించి గోయి త్రవ్వరాదు. ఇసుకలో సొరంగము చేసి అందు దూరుట ప్రాణాపాయము, అది చెప్పకయే కూలును. ఇసుక తీసిన గుంతలలో నిలిచిన నీరు పైకి నిలకడగా కనబడినను లోతు తెలియదు; అటు పోనీయరాదు. పైన కొండలలో వాన కురిసినదని తెలిసిననాడు ఏటిలోనికి దిగనే రాదు. 2021 నవంబరులో చిత్రావతి హఠాత్తుగా పొంగినపుడు నడుమ చిక్కుకొన్నవారిని హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. ఇంటికి మరలునపుడు త్రవ్విన గోతులను పూడ్పించుడు. చీకటిలో వచ్చు పశువుల కాళ్లు విరుగకుండును.

ఈ దసరాకు బొమ్మలకొలువులో పెట్టుటకు కొత్త బొమ్మ కొనలేకపోతిమని చింతింపకుడు. పళ్లెరములో తడియిసుక పోసి పిల్లలచేతనే ఒక చిన్న యేరును, దానియొడ్డున గుడిని, నడుమ ఒక చెలమను చేయించుడు. చూడవచ్చిన పేరంటాండ్రకు ఆ చెలమ యేమిటో మీ అమ్మాయినే చెప్పుమనుడు. ఆమె చెప్పునప్పుడు మీరు నడుమ కల్పించుకొనకుడు.