గిటారు నుదుటిన మీ అమ్మాయి పేరు

మీ వంటింట్లో పూలున్న పింగాణీ కప్పు ఉందా? ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఆ పూలను చాలావరకు కుంచెతో వేయరు. పల్చటి పొర మీద అచ్చువేసి, నీళ్ళలో నానబెట్టి, కప్పు మీదికి జార్చి అతికిస్తారు. ఆ తర్వాత సుమారు 800 డిగ్రీల వేడిలో బట్టీలో కాలుస్తారు. అందుకే ఎన్నేళ్ళు తోమినా పువ్వు చెదరదు. ఈ నీళ్ళ స్టిక్కరునే వాటర్‌స్లైడ్ డెకాల్ అంటారు.

ఇప్పుడీ కప్పుల గొడవ ఎందుకంటారా? 2016లో వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాలోకి మారిన రఘునాథపల్లి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అమ్మాయికి పాత గిటారు కొన్నారట. బిరడాలుండే తల భాగం మీద కంపెనీ పేరు చెరిగిపోయిందట. మామూలు స్టిక్కరు అంటిస్తే వారం తిరక్కుండానే అంచులు లేచిపోయాయట. ఇక అమ్మాయేమో పెద్ద కంపెనీ పేరే కావాలని పట్టు!

అంచులు లేవకుండా ఉండాలంటే డెకాలే సరైన మార్గం. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటారు తల మీద పేరు కూడా డెకాలే. అయితే గిటారును బట్టీలో పెట్టలేం కదా! ఆ పని మనకు లాకర్ చేసిపెడుతుంది.

కావలసినవి: డెకాల్ కాగితం 1 (ఆన్‌లైన్లో దొరుకుతుంది), క్లియర్ లాకర్ స్ప్రే డబ్బా, 600, 1500 నంబర్ల వాటర్ పేపర్లు, చిన్న కత్తెర, గుండుసూది, మెత్తటి నూలుగుడ్డ, పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు.

విధానం: ముందు తీగలు వదులు చేసి తీసేయండి. బిరడాలు విప్పి గిన్నెలో వేసుకోండి. మెడ భాగానికి పాత పేపరు చుట్టి టేపు వేయండి. తల భాగాన్ని 600 నంబరు పేపరుతో నున్నగా రుద్ది, దుమ్ము తుడిచి, లాకర్ రెండుసార్లు పల్చగా కొట్టి ఆరనివ్వండి. అడుగు గరుకుగా ఉంటే పొర కింద గాలి నిలిచి, తెల్లగా వెండిమచ్చలా కనిపిస్తుంది.

పేరును కంప్యూటరు మీద రాయించి డెకాల్ కాగితం మీద ప్రింటు తీయించండి. ఒకే కాగితం మీద నాలుగైదు వేయిస్తే ఒకటి చిరిగినా దిగులుండదు. ఇంక్‌జెట్ ప్రింటయితే నీళ్ళలో రంగు కరిగిపోతుంది. కాబట్టి దాని మీద ముందే లాకర్ రెండు మూడు పూతలు వేసి ఆరబెట్టాలి. మామూలు ప్రింటరు తెల్లరంగు వేయలేదని మర్చిపోకండి. ముదురు రంగు కర్రయితే తెల్ల అడుగున్న కాగితం కొనుక్కోండి.

అక్షరాల అంచు వెంట దగ్గరగా కత్తిరించి, అర నిమిషం నుంచి నిమిషం దాకా నీళ్ళలో ఉంచండి. జిగురు కరిగి పొర కదులుతుంది. గోటితో లాగకండి సుమా! గిటారు మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, కాగితం మీంచి పొరను మెల్లగా జార్చండి. సరైన చోట కుదిరాక గుడ్డతో నడిమి నుంచి అంచులకు నీరు ఒత్తేయండి. బుడగ మిగిలితే సూదితో గుచ్చి, మళ్ళీ ఒత్తండి.

ఒక రోజంతా ఆరాక పైన లాకర్ కొట్టాలి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మొదటి పూత ఒక్కసారే తడితడిగా కొడితే అందులోని థిన్నరు పొరను ముడతలు పెట్టేస్తుంది. ముగ్గుపిండి చల్లినట్టు లేతగా రెండు మూడు పూతలు వేయండి. ఆపైన కాస్త చిక్కగా వేసుకోవచ్చు. వారం ఆగి, 1500 పేపరును తడిపి మెల్లగా రుద్దితే అక్షరాల అంచు చేతికి తగలదు.

జాగ్రత్త: స్ప్రే త్వరగా అంటుకుంటుంది. పొయ్యి, దీపం దగ్గర వద్దు. వాకిట్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయండి. ముసురు పట్టిన రోజున లాకర్ పొగబారినట్టు తెల్లబడుతుంది, ఎండరోజే మంచిది.

ఇక పేరు సంగతి. పెద్ద కంపెనీ పేరు వేస్తే గిటారు గొంతేమీ మారదు. పైగా రేపు ఆ పేరుతో అమ్మితే కొన్నవారిని మోసగించినట్టే. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం అది శిక్షపడే పని కూడా. పిల్లకు ఆ మాట చెప్పడానికి ఇదే అదను.

మన స్టీలు గిన్నెల మీద పేర్లు చూడండి. అత్తగారిదో, మామగారిదో, పెళ్ళికి చదివించినవారిదో ఉంటుంది. రోజూ తోమే ఇల్లాలి పేరు ఎన్నింటి మీద ఉంది? కనీసం అమ్మాయి వాయించే గిటారు మీదైనా అమ్మాయి పేరే ఉండనివ్వండి. తెలుగు అక్షరాల్లో, ఆమె చేతిరాతలోనే రాయించి ప్రింటు తీయిస్తే అలాంటిది ఏ దుకాణంలోనూ దొరకదు. జార్చేటప్పుడు పళ్ళెం మీరు పట్టుకోండి, పేరు తననే అతికించమనండి.